సువార్త బండికి గడియ

పడింది. మొదటి చినుకు రేకు మీద టప్పుమని పడింది. కృప ఊపిరి బిగబట్టింది. రెండోది కాస్త ఎడంగా, డ్రైవరు సీటు మీదుగా. మూడోది ఎక్కడ పడిందో తెలిసేలోపే బండి మొత్తం మోగిపోయింది. చిత్త కార్తె వాన అంతే, వచ్చేదాకా రాదు, వచ్చిందంటే ఇక మనిషి మాట మనిషికి వినపడనివ్వదు. రా తల్లీ రా, ఎంత కురుస్తావో కురువు, నీ కసి అంతా తీర్చుకో, అనుకుంది కృప. మొన్నటిదాకా ప్రతి మబ్బుకూ దండం పెట్టి, ఇప్పుడు వద్దు, తారు ఆరనీ, ఇప్పుడు వద్దు అని బతిమాలింది కూడా ఈ నోరే. బండిలో కుడిపక్క బల్లమంచం మీద వెల్లకిలా పడుకుని, రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని, పైకప్పు వంక చూస్తూ ఉంది. చూడడం తప్ప ఇప్పుడు చేయగలిగింది ఏమీ లేదు. సుత్తి పట్టిన చేతులకు ఊరికే ఉండడం ఎంత కష్టమో ఇప్పుడు తెలుస్తోంది. వేళ్ళు వాటంతటవే కదులుతున్నాయి, దేన్నో బిగిస్తున్నట్టు.

పొద్దున జయరాజు మబ్బు చూసి నవ్వాడు. మొగుడే, మంచివాడే, కానీ ఆ నవ్వు చూస్తే ఒళ్ళు మండింది. "ఈ వానకు కారకపోతే మన బండ్లోనే పోదాం. కారిందా, రేపు బసన్న లారీ ఎక్కాల్సిందే. ఇంగ నోరెత్తొద్దు" అన్నాడు. బసన్న కూలీల మేస్త్రీ. వానాధారపు చేలు చేతికి చిక్కని ఈ పక్క ఊళ్ళ జనాన్ని ఏటా లారీకెక్కించి, పత్తి తీయడానికీ మిరపకాయ కోయడానికీ గుంటూరు దిక్కు తోలుకుపోతాడు. దాన్నే సుగ్గి అంటారు. ఆదోని నుంచి ఎమ్మిగనూరు దాకా ఏ ఊళ్ళో చూసినా పండగ వెళ్ళగానే తాళాలే. "మరి పాప?" అంది కృప. "పాప గూడూరికి పోతాది, మా అక్క కాడికి. పట్ట గుడిసెలోకి అది రానంటే నేనేం సేసేది?" అన్నాడు. వాళ్ళక్క మంచిదే. ఆమెకు ఇద్దరు మనవళ్ళు, ఒకడు చంకలో, ఒకడు కాళ్ళ సందున. అక్కడికి పోతే కూతురు కవిత చేతిలోకి పిల్లాడు వస్తాడు, పదో తరగతి పుస్తకం పోతుంది. సంచిలో కట్టిన పుస్తకం సంచిలోనే ఉంటుంది. హాస్టల్లో సీట్లు లేవన్నారు. బడిలో సారు మాత్రం మంచి మాట చెప్పాడు, పుస్తకాలు తీసుకపోండి, చదివించుకోండి, పరీక్షలకు తీసుకరండి అని. చదువుకోవడానికి కూతురికి ఒక బల్ల, ఒక బల్బు, ఒక తలుపు కావాలి. అవి మూడూ ఈ బండిలో ఉన్నాయి. ఉన్నాయా? కప్పు ఉంటే ఉన్నాయి. కారకు, కారకు, కారకు.

ఇంతవరకు ఒక్క చుక్క లేదు. లోపలి ప్లైవుడ్ పీకి పారేసింది కాబట్టి కప్పు అడుగుభాగం మొత్తం కనిపిస్తోంది, ఎవరి మొహమో చూస్తున్నట్టే ఉంది. ఆదోని నూనెమిల్లుల దగ్గర పాత డబ్బాలు తెచ్చి, కోసి, సాపు చేసి, రివెట్లు కొట్టిన అతుకులు. రంగు ఉన్న పక్క లోపలికి పెట్టింది, తుప్పు రానీయదని. అందుకే ఇప్పుడు పడుకుంటే పైనుంచి వేరుశనక్కాయలు చూస్తాయి, ఒక పొద్దుతిరుగుడు పువ్వు చూస్తుంది, తలకిందులుగా ఒక ఆడమనిషి పూరీలు పట్టుకుని నవ్వుతుంది. ఆ పూరీల ఆమెను తిప్పి పెట్టి ఉండాల్సింది, ఎప్పుడు చూసినా మెడ నొప్పి పుడుతోంది. ఎమ్మిగనూరులో వెల్డింగు షాపువాడు వచ్చి చూసి, వేలితో ఒకసారి పొడిచి, వేలు బయటికి పోయేసరికి గబుక్కున వెనక్కి లాక్కున్నాడు. "దేనికి అతుకు పెట్టాలక్కా? ఈడ రేకు యాడుంది, ఉండేదంతా తుప్పే గదా" అని టీ తాగి పోయాడు. టీ మాత్రం తాగాడు. ఆ రోజు రాత్రి కవిత ఫోనులో ఎవరో విదేశాల వాళ్ళ వీడియోలు చూపించింది. వాళ్ళు తెల్ల చేతితొడుగులు వేసుకుని, ట్యూబులోంచి తెల్లటి ముద్ద పిండి, అద్దంలాంటి బండ్లకు అద్దంలాంటి పనులు చేస్తున్నారు. ఆ మాటలు ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ చేతులు అర్థమయ్యాయి. శుభ్రంగా గీకుతున్నారు, బట్టలాంటిది పరుస్తున్నారు, పైన పూస్తున్నారు, ఆరేదాకా ఆగుతున్నారు. ఇంతేగా! వాళ్ళకు ట్యూబులో వచ్చేది మనకు డ్రమ్ములో ఉంది, అనుకుంది. రోడ్డు పని అయిపోయాక కల్వర్టు పక్కన వదిలేసిన తారు డ్రమ్ము ఆమె దారిన పోతూ చూసి పెట్టుకున్నదే.

ఉరుము. బండి అద్దం జిల్లుమంది. ఆ అద్దం నాయన బిగించినదే. పౌలు డ్రైవరంటే దేవనకొండ దాకా తెలియనివాళ్ళు లేరు. ఇది మిషను వాళ్ళ సువార్త బండి. లోపల రెండు మంచాలు, మడత బల్ల, చేతులు కడుక్కునే చిన్న తొట్టి, గోడకు అల్మారా. అయ్యగారు ఊరూరా ప్రసంగాలు చేస్తూ రాత్రుళ్ళు ఇందులోనే పడుకునేవాడు, నాయన కింద చక్రాల మధ్య చాప వేసుకునేవాడు. ఒకసారి ఉరుకుంద జాతరప్పుడు వానలో బస్సు తప్పిపోయిన ఈరన్న భక్తులను, కొబ్బరికాయల బుట్టలతో సహా, ఇందులో ఎక్కించుకొచ్చాడట. అయ్యగారు ఏమంటాడో అని భయపడితే, అయ్యగారే ముసలామెకు తన మంచం ఇచ్చాడట. కృప చిన్నపిల్లగా బండి తుడవడానికి వెంట వచ్చేది. నాయన తలుపు తీసేముందు ఎప్పుడూ వేళ్ళ కణుపులతో రెండుసార్లు కొట్టేవాడు. అయ్యగారు ఊళ్ళో లేనప్పుడు కూడా. బండి ఖాళీగా ఉన్నప్పుడు కూడా. "లోపల ఎవురున్నారు నాయనా?" అని ఆమె పడీ పడీ నవ్వేది. "ఎవురూ లేరులే మా, అలవాటు. తలుపనేది కొట్టి తీయాల" అనేవాడు. మిషను మూతపడ్డాక బండిని ఆయనకే ఇచ్చేసి పోయారు. నాయన పోయాక ఇది కృప పెరట్లోకి వచ్చి కంపచెట్ల పక్కన నిలబడింది, చక్రాల్లో గాలి లేక, కోళ్ళకు గూడై. పాతసామాన్ల వాడు వచ్చి అడిగినప్పుడల్లా జయరాజు కాదనలేదు, ఆమె అవుననలేదు.

ఎంత గట్టిగా కురుస్తోందో! మంచిది. ఎడమ మూల పొడి. తొట్టి మీద పొడి. వెనక తలుపు మీద పొడి. తలుపు మాత్రం తాడు వదులై టపటప కొట్టుకుంటోంది, ఆ సందులోంచి జల్లు లోపలికి వస్తోంది. దాని సంగతి తర్వాత. ముందు కప్పు. ఎప్పుడూ ముందు కప్పే అయిపోయింది ఈ ఆరునెలలూ. అసలు కప్పుకు ఈ గతి పట్టేది కాదు. ఎండాకాలంలో రెండు మూడు సందుల్లో కారేది, అంతే, కాస్త తారు పూస్తే పోయేది. కృప కూలికి పోయిన రోజు చూసి అత్త అంజినమ్మ నడుం బిగించింది. మృగశిర రాకముందే ఇళ్ళ మిద్దెల మీద చౌడు పరుస్తారు కదా, తెల్లగా పిండిలా ఉండే ఆ మన్ను పరిచిన మట్టి మిద్దె మీద ఎంత వాన పడినా నీళ్ళు జారిపోవాల్సిందే. ఆ చేత్తోనే, మిగిలిన చౌడు తట్టలకెత్తించి, ఇద్దరు ఆడవాళ్ళను సాయం పిలిచి, బండి మీదికి ఎక్కించింది. "సుట్టూరా కమ్మీ ఉండాది, మన్ను యాడికీ పోదు. మిద్దెకైతే ఏంది, బండికైతే ఏంది, కప్పు కప్పే గదా" అంది. నీళ్ళు చల్లి, చదునుగా తట్టి, అలికినట్టు చేసింది. ముచ్చటగా ఉంది కూడా. కృప సాయంత్రం వచ్చి చూసి అత్తను కౌగిలించుకుంది.

ఆ చౌడు కారిందా? కారలేదు, అదే కదా అన్యాయం! మొదటి వానకు చుక్క దిగలేదు. రెండో వానకూ దిగలేదు. వీధి వీధంతా వచ్చి చూసిపోయింది, అంజినమ్మ బండి నిచ్చెన దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని ఎట్లా పరచాలో చెప్పింది. జయరాజు కూడా మెత్తబడ్డాడు, ఇంజను విప్పాడు, ట్రాక్టరు తోలే చెయ్యి కాబట్టి వాడికది ఆటే, బ్రేకుల పని మాత్రం ఆదోనిలో చేయించాడు. అన్నీ కుదిరాయనుకున్న రోజున కృప పైకెక్కి ఆకులు ఊడుస్తుంటే చీపురు కట్ట మన్నులోంచి, రేకులోంచి, ప్లైవుడ్‌లోంచి దిగి మంచం మీద పడింది. ఆ చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. చౌడంటే ఉప్పే. తడిసిన ఉప్పు నెలల తరబడి ఇనుము మీద పడుకుని మెల్లగా తిన్నది. మిద్దెలో ఇనుము ఎక్కడుంది, దూలాలు, కంప, మన్ను, అంతేగా. మిద్దె కింద పుట్టి మిద్దె కింద పెరిగిన మనిషికి ఈ సంగతి ఎవరు చెప్తారు? ఇవన్నీ ఇప్పుడు అనుకుంటోంది గానీ, ఆరోజు అనుకోలేదు. ఆరోజు అత్తను నానా మాటలూ అంది. కోపం వచ్చింది, అన్నది, అంతే.

అంజినమ్మ తిరిగి ఒక్క మాట అనలేదు. అనే మనిషే, వీధి కుళాయి దగ్గర ఆమె నోటికి జడవని వాళ్ళు లేరు. ఆ పూట అన్నం తినలేదు. బండి చక్రం దగ్గర కూర్చుని, "నా సేతులిరగ, నా సేతులిరగ" అని తనను తానే తిట్టుకుంది. రెండో రోజు ఇనప్పెట్టె తీసి, అడుగున వేపాకు మధ్య దాచిన దుప్పటి తెచ్చి కృప ముందు పడేసింది. ఎమ్మిగనూరు మగ్గం మీద నేసిన మందపాటి దుప్పటి, మడత కూడా విప్పలేదు. అది దేనికో ఇంట్లో అందరికీ తెలుసు. తాను పోయిన రోజున మీద కప్పమని దాచుకుంది. "వద్దత్తా, పాత గోనెలున్నాయి, సరిపోతాయి" అంది కృప. "గోనెలు సందులు సందులు. ఇది నీళ్ళు దిగనీదు. సచ్చినాక సలి యాడిది మే నాకు? దీనికి కప్పు" అంది. కృపకు ఏడుపు వచ్చింది. ఏడ్చింది కూడా, దాచుకోవడమెందుకు, అత్తాకోడళ్ళిద్దరూ బండి పక్కన కూర్చుని ఏడ్చి, ముక్కులు చీది, లేచి తారు కాచారు. ముందు చౌడంతా ఊడ్చి, బిందెలకు బిందెలు నీళ్ళు పోసి కడిగి, తుప్పు గీకి, రేకులు కొట్టి, ఆ తర్వాత వేడి తారు, దాని మీద దుప్పటి, మళ్ళీ తారు. అంత మందం గుడ్డ తారు తాగుతుంటే గుటకలు వినిపించాయి అన్నా నమ్మొచ్చు.

అప్పుడైనా కుదిరిందా? ఎక్కడ! మొదటి పూత ఆరకముందే వాన. ఆ తర్వాత గొర్రెపోతు వచ్చి ఎండకు ఆరబెట్టిన పరుపు స్పాంజి సగం తిని, ఆ సాయంత్రం దాకా దగ్గుతూ తిరిగింది, పక్కింటి ఈరప్ప తన గొర్రెకు ఏమైనా అయితే ఊరుకోనని కర్ర పట్టుకుని వచ్చాడు. పరుపు సంగతి మాత్రం ఎవరూ అడగలేదు. ఎలుకలు వైర్లు కొరికాయి. తొట్టి గొట్టంలో కందిరీగలు గూడు పెట్టి జయరాజు చెయ్యి బూరెలా పొంగింది. కృప జడలో తారు పడి, కిరసనాయిలు పెట్టినా వదలక, కత్తెరతో సగం జడ కోసుకుంది. కిటికీ రబ్బరు కోసం ఆదోనికి పోయి తెస్తే అది బస్సు కిటికీది, ఈ గాడిలో కూర్చోదు. మళ్ళీ పోయింది. పోకుండా ఎట్లా? పొద్దున కలుపుకు పోయి, మధ్యాహ్నం వచ్చి, ఎండలో పైకెక్కి, తారు చేతులతోనే రాత్రి రొట్టెలు కొట్టింది. "యేమే, నీకు ఈ బండి పిచ్చేందే" అన్నాడు జయరాజు ఒకరోజు, కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని. ఆమె జవాబు చెప్పలేదు. చెప్తే పోయినేడు సంగతి ఎత్తాలి, ఎత్తితే వాడూ తల దించుకోవాలి.

పోయినేడు మిరప చేను గట్టు మీద పట్ట గుడిసెలు. నాలుగు కట్టెలు, పైన నీలం పట్ట, ముందు ఇంకో పట్ట వేలాడేసి అదే తలుపు అనుకోవాలి. పొద్దు పొడవకముందే బసన్న మనిషి ఒకడు, పనికి లేపేవాడు, గుడిసె గుడిసెకూ వచ్చి పట్ట ఎత్తి లోపలికి తొంగి చూసి, లేయండి లేయండి అని అరిచి పోయేవాడు. రోజూ అంతే. ఆ రోజు లోపల కవిత బట్టలు మార్చుకుంటోంది. వాడు చూశాడు. చూసి పట్ట వెంటనే వదలలేదు. నవ్వాడు. కృప కొడవలి పట్టుకుని చేను మధ్య దాకా తరిమింది వాణ్ణి, గొంతు పోయేలా తిట్టింది. చివరికి బసన్న వచ్చి, "పట్ట గుడిసెకు తలుపు కొట్టి రావాలంటే ఎట్లమ్మా? పట్టను యాడ కొట్టాల? సుగ్గిలో ఇయన్నీ మామూలే" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. జయరాజు నవ్వలేదు, కానీ నోరు కూడా తెరవలేదు. కవిత ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. ఆ రోజు నుంచి నీళ్ళు తాగడం మానేసింది. మిరప చేలల్లో, నెత్తి పగిలే ఎండలో, పొద్దుగూకి చీకటి పడేదాకా గుక్కెడు తాగదు. బయటికి పోవాల్సి వస్తుందని. పెదాలు పగిలాయి, ఒంటేలు మంట వచ్చి జ్వరం వచ్చింది. ఇప్పుడు బడికి తీసుకపోయే సీసా కూడా పొద్దున నింపినట్టే సాయంత్రం ఇంటికి వస్తుంది. కృప రోజూ ఆ సీసా ఎత్తి చూస్తుంది. రోజూ నిండుగానే ఉంటుంది. బిడ్డ దాహాన్ని చేత్తో ఎత్తి చూసినట్టు ఉంటుంది ఆ తల్లికి.

ఆ బిడ్డ బండి పనిలో అన్నీ అందించింది, సుత్తి, రివెట్లు, బొగ్గులు, కానీ లోపలికి మాత్రం ఒక్కసారి అడుగు పెట్టలేదు. అయినప్పుడు సూస్తాలే మా, అనేది. ఒకే ఒక్క మాట అడిగింది, బండి కడుగుతున్న మొదటి రోజుల్లో, బయట నిలబడి, తలుపును ఒక వేలితో ముందుకీ వెనక్కీ ఊపుతూ. "లోపల గడియ ఉంటాదా?" ఉంటాది మా, అంది కృప. ఆదోనిలో కొన్నది కూడా. ఇనప గడియ, పొడుగుది, గట్టిది. తెచ్చి పనిముట్ల డబ్బాలో వేసింది. ఆ తర్వాత చీపురు కట్ట దిగింది, కప్పు పని మీద పడింది, గడియ అట్లాగే ఉంది. రేపు బిగిద్దాం, ముందు కప్పు. ఎల్లుండి, ముందు కప్పు. తలుపుకు పాత చీర అంచు చింపి కట్టిన తాడే ఇప్పటికీ.

అప్పుడు వినిపించింది. రేకు మీద పడే చప్పుడు కాదు, వేరే చప్పుడు. మెత్తటిది. కృప లేచి కూర్చుంది. మళ్ళీ. ఎడమ మంచం మీద, తలగడ పెట్టే చోట. పైకి చూసింది. పూరీల ఆమె మోచేతి దగ్గర, దుప్పటి అంచు రేకుతో కలిసే చోట, ఒక నీటి బొట్టు ఊరి, లావై, తళతళలాడి, తెగి పడింది. లేదు. లేదు లేదు. కృప ఒక్క అంగలో అటు దూకి చెయ్యి చాపింది, బొట్టు అరచేతిలో పడింది. చల్లగా ఉంది. ఇంకోటి పడింది. ఇంత చేశాక! ఇంత చేశాక ఒక్క బొట్టుకు నేను లారీ ఎక్కాలా? రివెటు గట్టిగానే కొట్టాను, అంచే, ఆ అంచు మడిచి ఉండాల్సింది, మగ్గం అంచు మందం, కింద గాలి నిలిచిపోయింది, ఎండ వస్తే కోసి మడిచి మళ్ళీ పూస్తే చాలు, ఒక్క పూట పని. పూట పనే! కానీ రేపే లారీ, వాన ఇప్పుడే, మొగుడు మాట అనేశాడు. చేతిలో నీళ్ళు నిండుతున్నాయి. నిండితే చీర కుచ్చిళ్ళకు తుడుచుకుని మళ్ళీ చాచింది. వాన వెలిసేదాకా ఇట్లాగే పట్టుకుని కూర్చుంటే? ఎవరు చూడొచ్చారు? మంచం తడి ఉండదు, కారలేదంటే కారలేదు. అబద్ధమే, అయితే ఏం, దేవుడు నన్ను తర్వాత అడగనీ, అప్పుడు చెప్పుకుంటా నేను.

తలుపు భళ్ళున తెరుచుకుంది. కవిత, బడి సంచి నెత్తిన పెట్టుకుని, కింది నుంచి పై దాకా తడిసి ముద్దై. బస్సు దిగి వానలో పరుగెత్తుకుంటూ వచ్చి, ఇంటి తలుపుకు తాళం చూసి, దగ్గరున్న తలుపులోకి దూరినట్టుంది. బండిలోకి అడుగు పెట్టానన్న సంగతి కూడా ఆ పిల్ల గమనించుకోలేదు. గమనించుకున్నాక ఒక క్షణం ఆగింది. మంచాలు చూసింది, బల్ల చూసింది, వెనక మూల స్నానానికి కట్టిన చిన్న గది చూసింది. తర్వాత చెయ్యి చాచి కూర్చున్న తల్లిని చూసింది.

"కారతాండాదా?"

"లేదు మా" అంది కృప. బొట్టు చేతిలో పడింది. ఇద్దరూ విన్నారు.

కవిత సంచిలోంచి అన్నం డబ్బా తీసి, మూత ఊడదీసి, తల్లి చెయ్యి పక్కకు జరిపి ఆ మూతను బొట్టు పడే చోట పెట్టింది. బొట్టు ఇప్పుడు టింగుమంది. తలుపు వెనక గాలికి టపటప కొట్టుకుంటోంది, జల్లు ఒక విసురు విసిరి ఇద్దరి మొహాలూ తడిపింది. ఆ పిల్ల వెనక్కి తిరిగి తలుపు వంక చూసింది, చీర అంచు తాడు వంక చూసింది. నేరుగా పోయి మంచం కింది పనిముట్ల డబ్బా లాగింది. ఎక్కడుందో తెలుసు దానికి. గడియ తీసింది, సుత్తి, మేకు, స్క్రూలు తీసింది.

"ఇప్పుడెందుకు మా, వాన ఎలిసినాక నేను..." కృప లేచింది.

"నేను సేస్తా. నువ్వు టార్చి పట్టు."

కృప టార్చి పట్టింది. ఇన్నాళ్ళూ అందించిన చెయ్యి ఇప్పుడు అడుగుతుంటే, అడిగిందల్లా అందించింది. మేకు పెట్టి ఒక్కో దెబ్బకు రేకులో బెజ్జం వేస్తోంది కవిత. మొదటి దెబ్బ వేలి మీద పడింది, నోట్లో పెట్టుకుని చీకి మళ్ళీ కొట్టింది. బెజ్జం వంకర పోయింది, పక్కన ఇంకోటి వేసింది. మర సగం దిగి మొరాయిస్తే, తల్లి ఎట్లా చేస్తుందో అట్లాగే వెనక్కి కాస్త తిప్పి మళ్ళీ ముందుకు తిప్పింది. చూస్తూ నేర్చుకుంది పిల్ల, నేను చూడనేలేదు, అనుకుంది కృప. గుండె నిండిపోయింది, అంతలోనే సిగ్గు కూడా వేసింది. నేను వానను చూసి కప్పు వేసుకుంటూ కూర్చున్నాను, ఇది అడిగింది వాన గురించి కాదే. ఒక్క మాట అడిగింది, ఆ ఒక్కటీ డబ్బాలో పడేసి తిరిగాను.

గడియ జరగలేదు. కొత్త ఇనుము, బిగుసుకుంది. కవిత తన తడి జడ ముందుకు లాక్కుని, నూనె ఉన్న వెంట్రుకల్లో వేళ్ళు రుద్ది, ఆ వేళ్ళు గడియకు రాసింది. మళ్ళీ తోసింది. కిర్రుమంటూ జరిగి, చివరికంటా పోయి, ఠక్కుమని పడింది. తలుపు కొట్టుకోవడం ఆగిపోయింది. వాన అట్లాగే ఉంది గానీ బండిలో ఒక్కసారిగా నిశ్శబ్దం అయినట్టు ఉంది. కవిత తీసింది, మళ్ళీ వేసింది. తీసింది, వేసింది. ఆ తర్వాత తలుపుకు వీపు ఆనించి కిందనే కూర్చుని, కాళ్ళు చాపి, సంచిలోంచి నీళ్ళ సీసా తీసింది. నిండుగా ఉంది, పొద్దున కృప నింపినట్టే. మూత తిప్పింది.

అప్పుడే బయట బురదలో అడుగుల చప్పుడు. తలుపును ఎవరో లాగారు. రాలేదు. ఇంకా గట్టిగా లాగారు. రాలేదు.

"మే కృపా! తలుపుకేమయింది? కారిందా?" జయరాజు గొంతు, వానలో సగం కొట్టుకుపోతూ. వాడి వెనకే అంజినమ్మ గొంతు కూడా, "నా దుప్పటి నిలిసిందా, అది సెప్పు ముందు!"

కృప నోరు తెరిచింది. అబద్ధం నాలుక మీదే ఉంది. కవిత తల తిప్పకుండానే జవాబిచ్చింది.

"కారింది నాయనా. ఒక్కసోట. అవ్వ దుప్పటి అంచు కాడ. మూత పెట్టినాం కిందికి."

కృప మంచం అంచును రెండు చేతులా పట్టుకుంది. అన్నమాట అన్నట్టే రేపు లారీ అంటాడేమో. అననీ. అంటే నేనూ అంటాను. ఈసారి నేను ఊరుకునేది లేదు, కావాలంటే వాడొక్కడే లారీ ఎక్కనీ.

"అయితే బసన్నకు ఏం సెప్పాల నేను?" అన్నాడు జయరాజు చివరికి. గొంతులో పొద్దుటి నవ్వు లేదు.

"మేం మన బండ్లో వస్తాండామని సెప్పు. అంచు మడిసి తారు పూస్తే సరిపోతాది. నేనే పూస్తా, రేపు సెలవు రోజే గదా" అంది కవిత.

తలుపును మళ్ళీ లాగుతాడని కృప చూసింది. లాగలేదు. తలుపు రేకు మీద, కృప తలకు సరిగ్గా ఎదురుగా, రెండు దెబ్బలు వినిపించాయి. వేళ్ళ కణుపులతో కొట్టినవి, మెల్లగా. నాయన పోయాక ఈ తలుపును ఎవరూ కొట్టలేదు.

కవిత లేవలేదు. సీసా ఎత్తి తాగుతోంది. గొంతు కింద గుటకలు కదులుతున్నాయి, గడ్డం మీంచి నీళ్ళు కారి బడి బట్టల మీద పడుతున్నాయి. సగం అయింది. ఊపిరి తీసుకుంది.

"ఉండు నాయనా, నీళ్ళు తాగుతాండా."

"తాగు మా" అన్నాడు జయరాజు వానలో నిలబడి. "నిదానంగా తాగు. నేనీడనే ఉంటా."